రెండుసార్లు వచ్చిన ఒంటిగంట

ఆనకట్ట గేట్లు ఎత్తిన అరగంటకు గానీ సైరన్ మోగలేదని కంప్యూటర్ కాగితం చెబుతోంది. సైరన్ మోగించి, అరగంట ఆగి, ఆ తర్వాతే గేట్లు ఎత్తానని గేట్ల పెద్దాయన చెబుతున్నాడు. ఈ రెండు మాటల మధ్య నలిగిపోయి ఆ ఇంట్లో ఐదు వారాలుగా ఎవరూ కడుపునిండా తిన్నది లేదు, కంటినిండా నిద్రపోయింది లేదు. దిగువన నదిలో వలలు వేసుకుంటున్న పడవ ఆ నీళ్లకు తలకిందులైంది. పడవాయన ప్రాణం దక్కింది కానీ కుడికాలు రాళ్ల మధ్య నుజ్జయింది. ముప్పై నాలుగేళ్లుగా ఒక్క మాట పడని పెద్దాయనను గేట్ల గదిలోంచి బయటికి పంపేశారు. నేరం రుజువైతే ఉద్యోగం పోవడమే కాదు, జైలుకూ వెళ్లాలి. విచారణ రెండో రోజు సాయంత్రం, అందరూ లేవబోతుండగా ఆయన కోడలు లేచి నిలబడి, "రేపు నాకు ఒక్క గంట ఇప్పించండి. ఆ కాగితం ఎందుకు తప్పో మీ కళ్లముందే చూపిస్తాను" అని అడిగింది. విచారణ జరుపుతున్నావిడ ఒక్క క్షణం ఆలోచించి సరేనంది. మనం ఆగింది అక్కడ.

మూడో రోజు పొద్దున్న పదింటికి ఆనకట్ట ఆఫీసు మీటింగు హాలులో కూర్చోవడానికి చోటు లేదు. బల్ల మీద పరిచిన గాజుపలక కింద పాత పటాలు, పలక మీద టీకప్పుల గుండ్రటి మరకలు. కిటికీల్లోంచి నీళ్లు నిశ్చలంగా, ఏ పాపం ఎరగనట్టు కనిపిస్తున్నాయి. బల్లకు ఆ చివర విచారణావిడ కూర్చుంది. ఎన్నో ఏళ్లు జడ్జిగా చేసి రిటైరైన మనిషి. పెన్ను వాడదు, పెన్సిలే. ఎవరైనా అనవసరంగా సాగదీసి మాట్లాడితే పెన్సిలు చెక్కుకోవడం మొదలుపెడుతుంది. రెండు రోజుల్లో ఆ హాలంతా ఆ చప్పుడుకు భయపడటం నేర్చుకుంది.

ఆవిడకు కుడివైపున పెద్ద ఇంజనీరు. ఆనకట్ట మొత్తానికీ ఆయనే అధికారి. కంప్యూటర్ కాగితాన్ని విచారణకు అందజేసింది ఆయనే. ఎదురుగా, పాలిపోయిన చొక్కా గుండీలు మెడ వరకూ పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని గేట్ల పెద్దాయన. మూడో వరసలో ఆయన కొడుకు. అదే ఆనకట్టలో కరెంటు పనులు చూసే ఉద్యోగి, కోడలికి భర్త. తండ్రి విచారణ అని సెలవు పెట్టి కూర్చున్నాడు. గోడవారగా, చక్రాల కుర్చీలో, కట్టు కట్టిన కాలు ముందుకు చాపుకుని పడవాయన. అతని చూపు మూడు రోజులుగా ఒకేచోట ఉంది. గేట్ల పెద్దాయన మీద.

కోడలు లోపలికి వచ్చేసరికి పెద్ద ఇంజనీరు చిన్నగా నవ్వాడు.

"రండమ్మా. మీరు బస్సు డిపోలో టైములు వేస్తారని విన్నాను. బాగా వేస్తారట కూడా. అయితే ఇది బస్సుల వ్యవహారం కాదు కదా."

"కాదండి," అందామె. "బస్సు వేళ తప్పితే జనం తిడతారు. గేటు వేళ తప్పితే జనం కొట్టుకుపోతారు. అందుకని నాలుగు వారాలు కూర్చుని మరీ జాగ్రత్తగా చూశాను."

హాల్లో ఎవరో దగ్గారు. పెద్ద ఇంజనీరు నవ్వు అలాగే ఉంది కానీ కళ్లలోంచి తప్పుకుంది.

డిపోలో ఆమెను అందరూ గడియారమ్మ అంటారు. ఊరికే వచ్చిన పేరు కాదది. పగటి వెలుగు కలిసిరావాలని, వేసవి వస్తుంటే ఆ దేశమంతా గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుతారు. చలికాలం వస్తుంటే ఒక గంట వెనక్కి తిప్పుతారు. మనుషులకు అది ఒకరోజు ఆవలింతలతో సరిపోతుంది. కంప్యూటర్లకు అలా కాదు. ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే, గంట వెనక్కి తిప్పిన రాత్రి, ఒంటిగంటన్నర బస్సును డిపో కంప్యూటర్ రెండుసార్లు బయల్దేరమంది. ఒక డ్రైవరు వెళ్లిపోయాడు. గంట తర్వాత రెండో డ్రైవరు వచ్చి, నా బస్సు ఏదని కేకలు. బస్సు దొంగతనం జరిగిందని పోలీసుల దాకా వెళ్లింది కబురు. తప్పు కంప్యూటర్ మీదికి తోసేసి అందరూ నవ్వుకుని మర్చిపోయారు. ఆమె మర్చిపోలేదు. యంత్రం అలా ఎందుకు చేసిందో తెలుసుకోవాలని పట్టుపట్టి పుస్తకాలు తెప్పించుకుంది, రాత్రుళ్లు చదివింది, డిపో గడియారాల లెక్కంతా కొత్తగా రాసింది. తర్వాతి ఆరేళ్లలో ఒక్క బస్సూ తప్పలేదు.

ఇంట్లో మాత్రం ఆ విద్యకు విలువ లేదు. మామగారికి కంప్యూటర్ అంటే గిట్టదు. గేట్లు ఎత్తడానికి ఒకప్పుడు చేత్తో తిప్పే ఇనుపచక్రం తీసేసి బటన్లు పెట్టినప్పటి నుంచి, "మీ డబ్బాలు" అని విసుక్కునేవాడు. ఆ "మీ"లో కోడలు కూడా ఉండేది. తనను ఇరికించింది కూడా ఒక డబ్బాయేనని తెలిశాక ఆయన ఇంట్లో మాట్లాడటమే తగ్గించేశాడు.

"మొదలుపెట్టండి," అంది విచారణావిడ.

కోడలు బల్ల దగ్గరికి వెళ్లి కాగితం చేతిలోకి తీసుకుంది.

"ఇందులో ఏముందో ఒకసారి చదువుతానండి. ఒంటిగంట పదికి గేట్లు ఎత్తినట్టుంది. ఒంటిగంట నలభైకి సైరన్ మోగినట్టుంది. మా మామగారి చేతిరాత పుస్తకంలో వేరేగా ఉంది. ఒంటిగంట నలభైకి సైరన్. రెండు గంటల పది నిమిషాలకు గేట్లు. సైరన్ టైము రెండింట్లోనూ ఒకటే. గేట్ల టైము దగ్గరే సరిగ్గా ఒక గంట తేడా."

"ఆ పుస్తకం సంగతి మొదటిరోజే తేలిపోయింది," అన్నాడు పెద్ద ఇంజనీరు. "పడవ మునిగిందని తెలిశాక తప్పించుకోడానికి రాసుకున్న అంకె అది."

"అబద్ధం రాసేవాడు ఇంకో పది నిమిషాలు కలుపుకుని రాస్తాడు కదండీ. రూలు ప్రకారం సరిగ్గా అరగంట ఆగినట్టు, ఒక్క నిమిషం కూడా మిగుల్చుకోకుండా ఎందుకు రాస్తాడు?"

విచారణావిడ పెన్సిలు కాగితం మీద ఏదో గీసింది. "ముందుకు వెళ్లండి."

"అది మామూలు రాత్రి కాదండి. గంట వెనక్కి తిప్పే రాత్రి. మా మామగారు గోడ గడియారం చూసి రాశారు. దాన్ని పొద్దున్న మనిషి వచ్చి చేత్తో తిప్పితేగానీ అది మారదు. కంప్యూటర్ అలా కాదు. రెండు గంటలు కాగానే దానంతట అదే మళ్లీ ఒంటిగంటకు వెళ్లిపోతుంది. అంటే ఆ రాత్రి ఒంటిగంట రెండుసార్లు వచ్చింది. ఒంటిగంట పదీ రెండుసార్లు, ఒంటిగంట నలభై కూడా రెండుసార్లు."

"ఇందుకేనా నాలుగు వారాలు పట్టింది?" పెద్ద ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలాడు. "అమ్మా, గంట వెనక్కి పోతే రెండు పనులకీ పోతుంది. సైరన్‌కీ పోతుంది, గేట్లకీ పోతుంది. రెండింటి మధ్య తేడా ఎక్కడికి పోతుంది?"

హాల్లో కొన్ని తలలు ఊగాయి. మాట సబబుగానే ఉంది మరి. గేట్ల పెద్దాయన కూడా కోడలి వైపు దిగులుగా చూశాడు.

"సైరన్ మోగాక, గేట్లు ఎత్తకముందు, ఆ మధ్యలో వెనక్కి పోతే?" అందామె.

తలలు ఊగడం ఆగిపోయింది.

"సైరన్ మోగింది మొదటి ఒంటిగంట నలభైకి. ఇరవై నిమిషాలకు రెండయింది. రెండు కాగానే కంప్యూటర్ ఒంటిగంటకు వెళ్లిపోయింది. ఇంకో పది నిమిషాలకు మా మామగారు గేట్లు ఎత్తారు. అప్పుడు కంప్యూటర్ గడియారంలో ఒంటిగంట పది. రెండో ఒంటిగంట పది. ఇరవై, పది, ముప్పై. అరగంట ఆగినట్టే కదా. కానీ కాగితం అచ్చువేసే ప్రోగ్రాముకు ఇది తెలియదు. చిన్న అంకె పైన, పెద్ద అంకె కింద పెట్టడమే దాని పని. పది పైకి వెళ్లింది. నలభై కిందికి వచ్చింది. అరగంట తర్వాత జరిగింది కాస్తా అరగంట ముందు జరిగినట్టయింది."

విచారణావిడ కాగితం మీద రెండు గీతలు గీసి, వాటిని బాణంతో కలిపింది. తర్వాత తల ఎత్తి, ఆ కంప్యూటర్ అమ్మిన కంపెనీ తరఫున వచ్చినాయనను అడిగింది. "ఇలా జరుగుతుందా?"

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "ఎప్పుడూ వినలేదండి. ఏడాదిలో ఆ ఒక్క రాత్రి, ఆ ఒక్క గంటలో గేట్లు ఎత్తాల్సి వస్తేగానీ ఇది బయటపడదు. జరగదని మాత్రం చెప్పలేను."

"చెప్పనక్కర్లేదండి, చూద్దాం," అంది కోడలు. "కొత్తవాళ్లకు పని నేర్పే గదిలో ఇలాంటిదే ఇంకో యంత్రం ఉంది. దాన్ని తెప్పించమని నిన్ననే అడిగాను."

యంత్రాన్ని ఇద్దరు మోసుకొచ్చి బల్ల మీద పెట్టారు. దానికి గేట్లూ లేవు, సైరనూ లేదు. బటన్లు, తెర, అచ్చువేసే మిషను మాత్రం అచ్చంగా అవే. కంపెనీ మనిషి దాని గడియారాన్ని ఆ రాత్రికి తిప్పాడు. ఒంటిగంట యాభై ఏడు. కోడలు బటన్ల దగ్గరికి వెళ్లలేదు. రెండడుగులు వెనక్కి వేసింది.

"నేను ముట్టుకుంటే ఏదో చేశానంటారు. పెద్ద ఇంజనీరు గారే నొక్కాలి. సైరనూ ఆయనే, గేట్లూ ఆయనే."

పెద్ద ఇంజనీరు విచారణావిడ వైపు చూశాడు. ఆవిడ చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టుకుంటోంది. ఇక లేవక తప్పలేదు. తెర మీద ఒంటిగంట యాభై ఎనిమిది కాగానే ఆయన ఎర్ర బటన్ నొక్కాడు. సైరన్ మోగినట్టు చిన్న దీపం వెలిగింది.

"ఇప్పుడు మూడు నిమిషాలు ఆగి గేట్లు ఎత్తండి," అంది కోడలు.

మూడు నిమిషాలంటే ఎంతసేపో ఆ హాల్లో అందరికీ ఆ రోజే తెలిసింది. వెనక నిలబడ్డవాళ్లు మునివేళ్ల మీద లేచి తెరకేసి చూస్తున్నారు. లెక్క తప్పదని కోడలికి తెలుసు. ఇంట్లో కాగితం మీద వందసార్లు చేసి చూసుకుంది. అయినా కాగితం వేరు, ఇంతమంది ముందు యంత్రం వేరు. ఇప్పుడది మొండికేస్తే మామగారి తరఫున ఇంకే మాటా ఎవరూ వినరు. ఒకటీ యాభై తొమ్మిది వచ్చింది. సెకన్ల అంకె యాభై దాటింది. యాభై ఏడు, యాభై ఎనిమిది, యాభై తొమ్మిది.

తెర మీద రెండు పడలేదు. ఒంటిగంట పడింది.

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. విచారణావిడ మాత్రం తన చేతి గడియారం నుంచి చూపు తిప్పలేదు. "మూడు నిమిషాలయ్యాయి. నొక్కండి."

ఆయన నొక్కాడు. మిషను చిన్నగా గరగరలాడి కాగితం బయటికి తోసింది. కంపెనీ మనిషి దాన్ని చింపి, చూసి, విచారణావిడకు అందించాడు. ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని పైకి చదివింది.

"ఒంటిగంట ఒక నిమిషానికి గేట్లు ఎత్తబడ్డాయి. ఒంటిగంట యాభై ఎనిమిదికి సైరన్ మోగింది." కాగితం కిందపెట్టి ఆవిడ తల తిప్పింది. "పెద్ద ఇంజనీరు గారూ, మీరు సైరన్ మోగించకుండానే గేట్లు ఎత్తేశారు. యాభై ఏడు నిమిషాల తర్వాత తీరిగ్గా సైరన్ మోగించారు. మీ మీద కూడా ఒక విచారణ వేయించమంటారా?"

నవ్వు ఎక్కడో వెనక మొదలై హాలంతా పాకింది. ఐదు వారాలుగా తల దించుకుని తిరుగుతున్న గేట్ల గది పనివాళ్లు పగలబడి నవ్వారు. కంపెనీ మనిషి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్వనిది ఇద్దరే. పెద్ద ఇంజనీరు ఒకరు, గేట్ల పెద్దాయన ఒకరు. పెద్దాయన తెర మీద ఒంటిగంట అంకెనే చూస్తున్నాడు. తను పిచ్చివాడు కాడని, నిద్రమత్తులో చెయ్యి తప్పలేదని, ఇన్నాళ్లకు ఆయనకే నమ్మకం కుదురుతున్నట్టుంది.

పెద్ద ఇంజనీరు మామూలు మనిషి కాదు. నవ్వు తగ్గేదాకా ఆగి, గొంతు సవరించుకున్నాడు.

"బాగుంది. ఇలా జరగొచ్చని చూపించారు, ఒప్పుకుంటాను. ఆ రాత్రి ఇలాగే జరిగిందని రుజువేది? గేట్లు ఎత్తింది రెండో ఒంటిగంట పదికి కాదు, మొదటి ఒంటిగంట పదికేనని నేనంటాను. అప్పుడు మళ్లీ తప్పు ఆయనదే. కాదని ఎవరు చెప్పగలరు?"

"కంప్యూటరే చెబుతుందండి," అంది కోడలు. ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టుంది ఆమె గొంతు. "మనకు చూపించే గంటలు వేరు, అది లోపల దాచుకునే లెక్క వేరు. లోపల దానికి గంటలూ లేవు, వేసవీ చలికాలాలూ లేవు. ఎప్పుడో ఒక రోజున మొదలుపెట్టి సెకన్లు లెక్కపెట్టుకుంటూ పోతుంది, అంతే. ఆ లెక్క ముందుకే పోతుంది. దాన్ని వెనక్కి తిప్పే రాత్రి లేదు. మనకు చూపించేటప్పుడు మాత్రం దాన్ని గంటల్లోకి మారుస్తుంది. తికమకంతా ఆ మార్చడంలోనే. ఆ రాత్రి లెక్కలున్న అసలు కంప్యూటర్ పెట్టె మొదటిరోజే సీలు వేసి మీ బీరువాలో పెట్టారు. దాన్ని తెరిపించండి. రెండు అంకెలు కావాలి. సైరన్ నొక్కినప్పటి సెకన్లు, గేట్లు ఎత్తినప్పటి సెకన్లు."

"సీలు వేసిన దాన్ని ఇలా అందరిముందూ..." అని పెద్ద ఇంజనీరు లేవబోయాడు.

విచారణావిడ పెన్సిలు చెక్కడం మొదలుపెట్టింది. ఆయన కూర్చున్నాడు.

బీరువా తెరిచారు. సీలు అందరికీ చూపించి తెంచారు. కంపెనీ మనిషి పెట్టెను తెరకు కలిపి, తన దగ్గరున్న పాస్‌వర్డ్ కొట్టాడు. తెర నిండా అంకెలు పరుచుకున్నాయి. చాలా పొడుగు అంకెలు. ముందున్నవన్నీ ఒకటే కాబట్టి చివరి నాలుగంకెలూ చదివితే చాలంది విచారణావిడ.

"సైరన్, నాలుగువేల రెండువందల పన్నెండు," అన్నాడాయన. "గేట్లు, ఆరువేల పంతొమ్మిది."

"గేట్ల అంకే పెద్దది," అంది విచారణావిడ నెమ్మదిగా. "అంటే గేట్లే తర్వాత."

ఆవిడ పెద్ద అంకె పైన రాసి, చిన్నది కింద రాసి, గీత గీసి, చిన్నపిల్లలా వేళ్లు మడుస్తూ తీసివేసింది. మళ్లీ ఒకసారి చేసి సరిచూసుకుంది.

"పద్దెనిమిదివందల ఏడు. అరగంటకు పద్దెనిమిదివందలు." తల ఎత్తి గేట్ల పెద్దాయన వైపు చూసింది. మూడు రోజుల్లో మొదటిసారి ఆవిడ గొంతు మెత్తబడింది. "ఏడు సెకన్లు ఎక్కువే ఆగారు. ఎందుకండీ?"

పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"అరగంట అయ్యాక ఒకసారి కిటికీ దగ్గరికెళ్లి కిందికి చూస్తానండి. చీకట్లో ఏమీ కనబడదు. అయినా చూడకుండా గేటు ఎత్తడానికి చెయ్యి రాదు. పాత చక్రం ఉన్నప్పటి నుంచీ అలవాటు."

విచారణావిడ పెన్సిలు కిందపెట్టింది. "ఈయన మీద మోపిన నేరం నిలబడదు. అబద్ధమాడారన్న మాట కూడా నిలబడదు. ఈయన చేతిరాత పుస్తకమే సరైనది. ఈ రోజు నుంచే గేట్ల గదికి తిరిగి వెళ్లొచ్చని రాస్తున్నాను."

అప్పుడు పడ్డ చప్పట్లకు కిటికీ అద్దాలు గలగలలాడాయి. గేట్ల గది పనివాళ్లు బెంచీలు దాటుకుంటూ వచ్చి పెద్దాయనను చుట్టేశారు. ఒకరు చేతులు పట్టుకున్నారు, ఒకరు భుజం తట్టారు, ఒకాయన ఏం చేయాలో తోచక ఆయన చొక్కా మడతలు సరిచేస్తున్నాడు. మూడో వరసలో భర్త రెండు చేతులతో ముఖం కప్పుకుని కూర్చుండిపోయాడు.

గుంపును తప్పించుకుని మామగారు ఆమె ముందుకు వచ్చారు. యంత్రం వైపు చూశారు, ఆమె వైపు చూశారు.

"ఇంటికెళ్లాక," అన్నారు చివరికి, "ఈ లెక్క నాకు కూడా నేర్పించు."

"మీరు టీ పెట్టిస్తే నేర్పిస్తాను మామయ్యగారూ," అందామె. కళ్లనిండా నీళ్లు, పెదాల మీద నవ్వు. ఆయన కూడా నవ్వారు. ఐదు వారాల తర్వాత.

ఆ సందడిలో ఒక్క గొంతు మాత్రం కలవలేదు. గోడవారగా ఉన్న పడవాయన చక్రాలు తోసుకుంటూ ముందుకు వచ్చాడు. దారిచ్చి జనం తప్పుకున్నారు. అతను గేట్ల పెద్దాయన ముందు ఆగాడు.

"అన్నా, ఐదు వారాలు నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. నిద్రలో కూడా తిట్టానని మా ఆవిడ చెప్పింది. తప్పయిపోయింది."

"నీ కాలు పోయిందిరా. తిట్టవూ మరి," అన్నారు పెద్దాయన, అతని చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని.

"అది సరే. కానీ ఒకటి నాకు అర్థం కావట్లేదు." పడవాయన విచారణావిడ వైపు తిరిగాడు. "మొదటిరోజే చెప్పానమ్మా, ఎవరూ చెవిన వేసుకోలేదు. సైరన్ మోగింది. నీళ్లు రాకముందే మోగింది. కానీ ఇట్టే మోగి అట్టే ఆగిపోయింది. మూడు నిమిషాలు మోగితే అది గేట్ల సైరన్. కాస్త మోగి ఆగితే అది పరీక్షకు మోగించింది. చిన్నప్పటి నుంచి మాకు అదే లెక్క. పరీక్షే అనుకుని వలలు తియ్యకుండా కూర్చున్నాను."

విచారణావిడ మళ్లీ పెన్సిలు అందుకుంది.

"నేను ఆపలేదే," అన్నారు పెద్దాయన తెల్లబోయి. "బటన్ నొక్కితే మూడు నిమిషాలు దానంతట అదే మోగుతుంది. సైరన్ ఉన్నది దిగువన వంతెన దగ్గర. గేట్ల గదిలో మిషన్ల హోరుకు అది ఎంతసేపు మోగిందో మాకు వినబడదు."

కోడలు తెర దగ్గరికి వెళ్లింది. ఇందాక అందరూ రెండు అంకెలే చూశారు. ఆ రెండింటి నడుమ ఇంకేముందో చూడాలని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు ఆమె వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదివింది. తర్వాత బల్ల మీదున్న పాత కాగితం తీసుకుని పక్కన పెట్టుకుని పోల్చింది.

"కాగితంలో ఐదు వరసలున్నాయండి," అంది నెమ్మదిగా. "పెట్టెలో ఆరున్నాయి. ఒక వరసను కాగితంలోంచి తీసేశారు."

"ఏ వరస?" అంది విచారణావిడ.

"నాలుగువేల రెండువందల యాభై. సైరన్ మోగిన ముప్పై ఎనిమిది సెకన్లకు. సైరన్ ఆపమని ఉత్తర్వు. గేట్ల గదిలోంచి కాదు, పై అంతస్తు ఆఫీసు గదిలోంచి. అక్కడి యంత్రంలో ఉద్యోగి కార్డు పెడితేగానీ ఆ పని చేయడానికి వీల్లేదు. కార్డు నంబరు కూడా ఉంది."

"చదవండి."

ఆమె నోరు తెరిచేలోపు, పక్కనే నిలబడి తెరలోకి వంగి చూస్తున్న మామగారి చెయ్యి ఆమె మణికట్టును గట్టిగా పట్టుకుంది. ఇందాకటి వెలుగంతా ఆయన ముఖంలోంచి దిగిపోయింది.

"చదవొద్దమ్మా," అన్నారు, ఆమెకు మాత్రమే వినబడేటట్టు. "నన్నే తప్పుచేసినవాణ్ని కానివ్వు. ఆ నంబరు మాత్రం చదవొద్దు."

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. అంకెల వంక చూసింది, ఆయన వంక చూసింది. విచారణావిడ రెండోసారి "చదవండి" అంటుండగా, వెనక కుర్చీ ఒకటి నేల మీద గట్టిగా రాసుకున్న చప్పుడైంది.

మూడో వరసలో ఆమె భర్త లేచి నిలబడి ఉన్నాడు.

"నాన్నా, ఆ చెయ్యి వదిలెయ్యి. దాచాల్సిందేమీ లేదు," అన్నాడు. "ఆ కార్డు నాదే. కానీ ఆ రాత్రి అది నా దగ్గర లేదు. ముందురోజు సాయంత్రం ఒకరు అడిగి తీసుకున్నారు. ఎవరో చెబుతాను. ముందు ఆ తలుపు వేయించండి."

అందరూ ఒకేసారి తలుపు వైపు తిరిగారు. విచారణావిడకు కుడివైపు కుర్చీ ఖాళీగా ఉంది. తలుపు పిడి మీద పెద్ద ఇంజనీరు చెయ్యి ఉంది.